ఎండ మెండు.. బండికి చాలదు!

* నడిచే కారుకు పైకప్పు ఫలకాలు ఇచ్చేది ఇరవయ్యో వంతే
* ఆటోకు రోజంతా ఎండలో మిగిలేది టీ ఖర్చు
* అదే ఫలకం ఇంటి డాబా ఎక్కితే లెక్క మారుతుంది

తెనాలి, బాపట్ల, రేపల్లె: ఎండకు కొదవ లేని ప్రాంతమిది. సూర్యుడి పేరు పెట్టుకున్న సూర్యలంక తీరం బాపట్ల పక్కనే ఉంది. వేసవి వచ్చిందంటే తెనాలి వీధులు మధ్యాహ్నానికి బోసిపోతాయి. రేపల్లెలో ఎండన నిలిపిన ఆటో పైకప్పును ముట్టుకుంటే చేయి చుర్రుమంటుంది. ఇంత ఎండ ఊరికే పోతోందే అన్న తలపు ఎవరికైనా సహజం. లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటి, విద్యుత్తు ఆటోలు, కార్ల వైపు జనం చూపు మళ్లాక ఆ తలపు కాస్తా ప్రశ్నగా మారింది. బండి పైకప్పుపై సౌరఫలకాలు బిగిస్తే, నడుస్తున్నంతసేపూ ఛార్జింగ్ దానంతటదే ఎక్కదా? ప్లగ్గుతో, కరెంటు బిల్లుతో పని లేకుండా తెనాలి నుంచి రేపల్లె వెళ్లి రాలేమా?

అప్పు తెచ్చి ఆటో కొనే వ్యక్తికి ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంత రాబడి. ఫలకాలు పెడితే ఛార్జింగ్ బెడద తీరిపోతుందన్న మాట నమ్మి మరో ఇరవై వేలు వెచ్చించాలా, వద్దా అన్నది తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కొద్దిపాటి లెక్క చాలు.

ఎండలో ఉన్న బలమెంత?

నడినెత్తిన సూర్యుడు, మబ్బు లేని ఆకాశం ఉన్నప్పుడు చదరపు మీటరు నేలపై పడే ఎండ శక్తి సుమారు 1,000 వాట్లు. దీనిని విద్యుత్తుగా మార్చడంలో మార్కెట్లో దొరికే మంచి ఫలకాల సామర్థ్యం 20 నుంచి 22 శాతం. అంటే చదరపు మీటరుకు 200 వాట్ల పైచిలుకు. చిన్న కారు పైకప్పుపై ఫలకాలకు అనువైన చోటు రెండు చదరపు మీటర్లకు మించదు. ఆ లెక్కన అత్యధికంగా వచ్చేది 400 వాట్లు.

ఆ 400 వాట్లు కూడా ప్రయోగశాల లెక్క. ఫలకం వేడెక్కే కొద్దీ దాని ఉత్పత్తి తగ్గుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం వరకు పడిపోతుంది. మే నెలలో కారు పైకప్పు 65 డిగ్రీలకు చేరిందనుకుంటే ఎనిమిదో వంతు అక్కడే హరించుకుపోతుంది. దుమ్ము, రోడ్డు పక్క చెట్ల నీడ, ఉదయం సాయంత్రం ఏటవాలుగా పడే ఎండ కలిపితే నడిచే బండిపై 300 వాట్లు దక్కితే గొప్ప.

మరి కారుకు ఎంత కావాలి? చిన్న విద్యుత్తు కారు యూనిటుకు 8 నుంచి 10 కి.మీ. నడుస్తుంది. గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లాలంటే 6,000 నుంచి 7,500 వాట్లు నిరంతరంగా అందాలి. ఏసీ వేస్తే దాని ఖర్చు అదనం. కావలసినది ఆరేడు వేలు, వచ్చేది మూడు వందలు.

ఫలకాల సామర్థ్యం పెరిగితే ఈ లోటు తీరదా అన్న సందేహం వస్తుంది. ఆ రెండు చదరపు మీటర్ల మీద పడిన ఎండనంతా, ఒక్క వాటు కూడా పోకుండా, విద్యుత్తుగా మార్చే ఫలకం రేపు వచ్చిందనుకున్నా అందేది 2,000 వాట్లే. ఎండకున్న బలమే అంత. కాబట్టి లోపం ఫలకంలో ఉందనుకోవడం సరికాదు. కారు పైకప్పు చిన్నది, దాని ఆకలి పెద్దది.

రైతుకు తెలిసిన కొలత

ఈ లెక్క రైతుకు సులువుగానే బోధపడుతుంది. 5 హెచ్‌పీ సౌర పంపుసెట్టు నడవాలంటే పొలంలో సుమారు 4,800 వాట్ల ఫలకాలు వరుసగా నిలబెట్టాలి. అవి కదలవు. సూర్యుడి వైపు ఏటవాలుగా అమర్చి ఉంటాయి. పైన చెట్టు నీడ పడకుండా చూసుకుంటారు. గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లే కారుకు 8 నుంచి 10 హెచ్‌పీ కావాలి. అయిదు హెచ్‌పీ మోటారుకే అన్ని ఫలకాలు పడుతుంటే, అంతకు రెట్టింపు బలాన్ని ఒకటి రెండు ఫలకాల నుంచి ఆశించడం అత్యాశే అవుతుంది.

తెనాలి నుంచి జంపని, వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె సుమారు 35 కి.మీ. దూరం. ఆ ప్రయాణానికి కారుకు నాలుగు యూనిట్లు కావాలి. మధ్యాహ్నం ఎండలో గంటసేపు ప్రయాణం సాగిందనుకుంటే పైకప్పు ఫలకాలు ఇచ్చేది 0.3 యూనిటు. దానితో కారు మూడు కిలోమీటర్లు కూడా నడవదు. జంపని పొలిమేర చేరకముందే సూర్యుడి వాటా అయిపోతుంది. మిగతా దారంతా ఇంటి దగ్గర ఎక్కించుకున్న కరెంటే లాగాలి.

కారును కదపకుండా పొద్దస్తమానం ఎండలో ఉంచితే పరిస్థితి కొంత మెరుగు. 400 వాట్ల ఫలకాలు మంచి ఎండ కాసిన రోజున ఒకటిన్నర యూనిట్ల వరకు ఇవ్వగలవు. దానితో 12 నుంచి 15 కి.మీ. నడవవచ్చు. ఊళ్లోనే తిరిగే వారికి ఇది తీసిపారేయదగినది కాదు. అయితే ఇది ఆగి ఉన్న కారు సంపాదన. నడుస్తూ సంపాదించినది కాదన్నది గమనార్హం.

చక్రాలకు జనరేటరు బిగిస్తే నడకతోనే కరెంటు పుట్టదా అన్న వాదన కూడా తరచూ వినిపిస్తుంటుంది. పాత సైకిలు డైనమో తొక్కిన వారికి దీని జవాబు తెలుసు. డైనమోను టైరుకు ఆనించగానే దీపం వెలిగేది, పెడలు బరువెక్కేది. దీపానికి వెళ్లిన బలం తొక్కేవాడి కాళ్ల నుంచి వచ్చిందే. కారులోనైనా అంతే. బ్యాటరీ నుంచి తీసుకున్నదే తిరిగి బ్యాటరీకి చేరుతుంది, దారిలో కొంత తరుగు పోగా.

ప్రయత్నించిన వారు లేరా?

ఉన్నారు. ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ వరకు సుమారు 3,000 కి.మీ. సాగే సౌర కార్ల పోటీ 1987లో మొదలైంది. తొలి పోటీలో గెలిచిన జనరల్ మోటార్స్ వారి ‘సన్‌రేసర్’ గంటకు సగటున 67 కి.మీ. వేగం సాధించింది. ఎండ ఒక్కటే దాని ఇంధనం. అయితే అందులో కూర్చోగలిగేది ఒక్కరే. చోదకుడు కాక దాని బరువు రెండు క్వింటాళ్ల లోపు. ఒళ్లంతా ఫలకాలే. సామాను పెట్టుకునే చోటు గానీ, ఏసీ గానీ లేవు. పెళ్లికి నలుగురు కలిసి వెళ్లే బండి అది కాదు.

ఈ పోటీల అనుభవమున్న భారతీయుడు చేతన్ మైనీ. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా 1990లో ‘సన్‌రన్నర్’ సౌరకారు జట్టులో ఆయన పనిచేశారు. తర్వాత బెంగళూరులో ఆయన రూపొందించిన ‘రేవా’ విద్యుత్తు కారు 2001లో మార్కెట్లోకి వచ్చింది. దానికి ప్లగ్గు ఉంది. పైకప్పుపై ఫలకాలు లేవు. సౌరకారు కిటుకు తెలిసిన వ్యక్తే జనం కొనే కారును ప్లగ్గుకు తగిలించేలా తయారుచేయడం ఆలోచించదగిన విషయం.

పెద్ద కంపెనీలూ చేయి పెట్టి చూశాయి. టయోటా 2017లో జపానులో అమ్మిన ప్రియస్ పైకప్పుపై 180 వాట్ల ఫలకం అమర్చింది. దానితో రోజుకు అత్యధికంగా 6.1 కి.మీ. నడవవచ్చని కంపెనీయే చెప్పుకొంది. పెద్ద బ్యాటరీకి ఆ కరెంటు ఎక్కేది కారు ఆగి ఉన్నప్పుడే. 2019లో షార్ప్ సంస్థతో కలిసి 34 శాతానికి పైగా సామర్థ్యమున్న అరుదైన ఫలకాలను కారు ఒంటి నిండా అతికించి ప్రయోగం చేస్తే అది 56 కి.మీ. వరకు పెరిగింది. సాధారణ వాహనంలో వాడే ధర కాదు వాటిది.

నెదర్లాండ్స్‌కు చెందిన లైట్‌ఇయర్ సంస్థ అయిదు చదరపు మీటర్ల ఫలకాలతో కారు తయారుచేసి, ఎండతోనే రోజుకు 70 కి.మీ. వరకు నడుస్తుందని ప్రకటించింది. ధర రెండున్నర లక్షల యూరోలు. 2022 చివరలో ఉత్పత్తి మొదలై, 2023 జనవరిలోనే ఆగిపోయింది. జర్మనీలో సోనో మోటార్స్ తన ‘సియాన్’ సౌరకారు పథకాన్ని 2023 ఫిబ్రవరిలో విరమించుకుంది.

మన దేశంలో పుణెకు చెందిన వేవ్ మొబిలిటీ 2025 జనవరిలో ఢిల్లీ వాహన ప్రదర్శనలో ‘ఈవా’ అనే చిన్న కారును విడుదల చేసింది. పైకప్పు ఫలకంతో ఏడాదికి 3,000 కి.మీ. వరకు కలిసివస్తాయన్నది ఆ సంస్థ మాట. రోజుకు లెక్కిస్తే 8 కి.మీ. పైచిలుకు. ఆ కారుకూ ప్లగ్గు ఉంది. తయారీదారులే ఎండను అదనపు ఆసరాగా చెబుతున్నారు తప్ప, ప్రధాన ఇంధనమని అనడం లేదు.

ఆటో లెక్క కొంత వేరు

కారు కంటే ఆటో పరిస్థితి మెరుగు. బరువు తక్కువ, వేగం తక్కువ. విద్యుత్తు ఆటో యూనిటుకు 15 నుంచి 18 కి.మీ. నడుస్తుంది. 2016లో భారత్‌లో పుట్టిన ఆస్ట్రేలియా ఇంజినీరు నవీన్ రాబెల్లి ఒక ఆటోకు సౌరఫలకాలు అమర్చి బెంగళూరు నుంచి బయలుదేరి, ఆ ఏడాది సెప్టెంబరులో బ్రిటన్ చేరారు. రేవా కంపెనీలో పనిచేసిన అనుభవం ఆయనది. సుమారు 10 వేల కి.మీ. సాగిన ఆ యాత్రకు ఎండతోపాటు ప్లగ్గు నుంచి ఎక్కించుకున్న కరెంటూ తోడైంది. నెలల తరబడి సాగిన యాత్ర అది. రోజూ పది ట్రిప్పులు వేయాల్సిన ఆటోకు అంత తీరిక ఉండదు.

ఆటో పైకప్పుపై 330 వాట్ల ఫలకం ఒకటి పడుతుంది. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, ఇరవై కిలోలకు పైగా బరువు. నిలిచి ఉన్నా, నడిచినా పొద్దంతా దానిపై ఎండ పడితే రోజుకు 1.3 యూనిట్లు, అంటే 20 కి.మీ. నడక. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే ఆటోకు అది అయిదో వంతు.

రూపాయల్లో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. యూనిటుకు 8 రూపాయల చొప్పున లెక్కవేసినా 1.3 యూనిట్ల విలువ పది రూపాయలు. పొద్దంతా ఎండను నెత్తిన మోసినందుకు మిగిలేది ఒక టీ ఖర్చు. ఏడాదిలో 300 రోజులు ఎండ కాసిందనుకుంటే మూడు వేల రూపాయలు. ఫలకం, కంట్రోలరు, ఇనుప చట్రం, బిగింపు కూలి కలిపి 20 వేలు అయ్యాయనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్లు దాటుతుంది. ఈలోగా బ్యాటరీనే మార్చుకోవాల్సి రావచ్చు.

ఇక్కడే మరో చిక్కు ఉంది. ఆటో చోదకుడు బేరం కోసం ఎదురుచూసేది చెట్టు నీడన. ఫలకం కోరేది ఎండ. ఫలకం కోసం బండిని ఎండలో పెడితే సీట్లు కాలుతాయి, ఎక్కేవారు వెనకాడతారు, బ్యాటరీ వేడెక్కుతుంది. బండి కోసం నీడలో పెడితే ఫలకం నిద్రపోతుంది. కొద్దిపాటి నీడ పడినా దాని ఉత్పత్తి గణనీయంగా పడిపోతుంది.

రైలు.. పడవ చెప్పే పాఠం

2017 జులైలో రైల్వే శాఖ ఢిల్లీలో సౌరఫలకాల డెమూ రైలును ప్రారంభించింది. ఆరు బోగీలపై ఒక్కోదానికి 300 వాట్ల ఫలకాలు 16 చొప్పున అమర్చారు. అన్నీ కలిపితే 28.8 కిలోవాట్లు. రైలును లాగే ఇంజిను బలం 1,600 హెచ్‌పీ, అంటే సుమారు 1,200 కిలోవాట్లు. ఎండతో వెలిగింది దీపాలు, తిరిగింది ఫ్యాన్లు. రైలును లాగింది మాత్రం డీజిలే. అంత పొడవైన రైలు కప్పుకే సాధ్యం కానిది కారు కప్పుకు సాధ్యమవుతుందని ఎలా అనుకోగలం?

పడవ సంగతి మరోలా ఉంది. కేరళలో వైకోం, తవనక్కడవు మధ్య 2017 జనవరి నుంచి ‘ఆదిత్య’ అనే 75 మంది పట్టే సౌర పడవ తిరుగుతోంది. దాని కప్పుపై 20 కిలోవాట్ల ఫలకాలు ఉన్నాయి. కప్పు విశాలం, వేగం నిదానం, నీటిపై చెట్ల నీడ పడదు. అందుకే అక్కడ ఎండ ప్రధాన ఇంధనం కాగలిగింది. పెనుమూడి, పులిగడ్డ వంతెన రాకముందు పడవపై కృష్ణ దాటిన తరం రేపల్లె ప్రాంతంలో ఇంకా ఉంది. ఇక్కడ ఎండతో నడిచే వాహనం ఏదైనా ఉందంటే అది ముందుగా రేవులోనే కనిపించాలి. పెద్ద కప్పు, తక్కువ వేగం, తేలిక నడక ఉన్న చోటే సూర్యుడు బండి లాగగలడు.

డాబాయే బంకు

అయితే ఎండతో కారు నడవదా? నిక్షేపంగా నడుస్తుంది. ఫలకం ఉండాల్సిన చోటు మారాలి, అంతే. ఇంటి డాబాపై మూడు కిలోవాట్ల ఫలకాలకు సుమారు 300 చదరపు అడుగులు చాలు. రోజుకు 12 యూనిట్ల వరకు వస్తాయి. వాటితో కారు వంద కిలోమీటర్లు, ఆటో 180 కి.మీ. నడుస్తాయి. తెనాలి నుంచి రేపల్లె వెళ్లి వచ్చినా మూడో వంతు మిగులుతుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేల రూపాయలు, మూడు కిలోవాట్లు, అంతకు మించితే మొత్తం 78 వేల రూపాయల రాయితీ నిర్ణయించారు. బండి నెత్తిన పెట్టే ఫలకానికి ఈ రాయితీ వర్తించదు. ఆటోలు పగలు తిరిగి రాత్రి ఛార్జింగ్ పెట్టుకుంటాయి కదా, పగటి ఎండ రాత్రికి ఎలా పనికొస్తుందన్న సందేహానికి నెట్‌మీటరే జవాబు. పగలు వాడకానికి మించి వచ్చిన కరెంటు పంపిణీ సంస్థ తీగల్లోకి వెళ్తుంది. రాత్రి తీసుకున్న దానిలో ఆ మేరకు మినహాయింపు దక్కుతుంది.

సొంత డాబా లేని చోదకుల మాటేమిటన్నది అసలు ప్రశ్న. అద్దె ఇంట్లో, రేకుల షెడ్డులో ఉండేవారికి పైరాయితీలన్నీ కాగితంపైనే ఉంటాయి. వీరికి పనికొచ్చేది ఆటోస్టాండుపై సౌరపందిరి. వెయ్యి చదరపు అడుగుల పందిరి వేస్తే కింద పది ఆటోలకు నీడ, పైన పది కిలోవాట్ల ఫలకాలు. రోజుకు 40 యూనిట్లు వస్తే పది ఆటోలకూ తలా 60 కి.మీ. నడక. ఎండా నీడా గొడవ కూడా అక్కడితో తీరిపోతుంది. మూడు పట్టణాల పురపాలక సంఘాలు తలచుకుంటే బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వద్ద దీనికి చోటు వెదకడం కష్టం కాబోదు.

తుపాను వేళ..

పైకప్పు ఫలకానికి ఏ ప్రయోజనమూ లేదనడం కూడా పొరపాటే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఇలాంటి వేళ కరెంటు పోతే, బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన డాబా ఫలకాలు కూడా పనిచేయవు. తీగలపై పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకుండా అవి వాటంతటవే ఆగిపోతాయి. మబ్బు విడిచిన మర్నాడు మాత్రం బండిపై ఉన్న చిన్న ఫలకం ఫోన్లకు, దీపానికి అక్కరకొస్తుంది. గట్టి ఎండలో గంటసేపు నిలిపితే ఆటో నాలుగైదు కిలోమీటర్లు నడిచేంత ఛార్జింగ్ ఎక్కుతుంది. దారిలో ఆగిపోయిన బండికి అది చిన్న సాయమేమీ కాదు. ఫలకాన్ని ఆపద మొక్కుగా చూడాలి తప్ప నిత్య భోజనంగా చూడరాదు.

బిగించే ముందు చట్టాన్నీ గమనించాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి, రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇరవై కిలోల ఫలకం, ఇనుప చట్రం బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు. లేకుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమాకు, బ్యాటరీ చెడినప్పుడు వారంటీకి ఇబ్బంది ఎదురుకావచ్చు. ఫలకం తీగలను నేరుగా లిథియం బ్యాటరీకి కలపడం మరీ ప్రమాదకరం. మధ్యలో తగిన ఛార్జ్ కంట్రోలరు ఉండి తీరాలి.

కొలిచి చెబితే మేలు

బాపట్లలో ఇంజినీరింగ్ కళాశాల ఉంది. వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఏటా విద్యార్థులు ప్రాజెక్టులు చేస్తూనే ఉంటారు. అనుమతి తీసుకుని ఒక ఆటోపై ఫలకం, మీటరు బిగించి, తెనాలి, రేపల్లె, బాపట్ల దారుల్లో ఏడాది పొడవునా తిప్పి, ఏ నెలలో ఎన్ని యూనిట్లు వచ్చాయో తెలుగులో ప్రకటిస్తే చాలు. ఉప్పుగాలి, వడగాలి, ముసురు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. పక్కనే ఒక డాబాపై అదే ఫలకాన్ని పెట్టి పోల్చి చూపితే కొనేవారికి సందేహం మిగలదు.

సూర్యుడు రోజూ ఉచితంగా ఇచ్చేది తక్కువేమీ కాదు. పట్టుకునే పాత్ర చిన్నదైతే దోషం వానది కాదు. కారు పైకప్పు చెంబు, ఇంటి డాబా చెరువు. తెనాలి నుంచి రేపల్లెకు ఎండతోనే వెళ్లాలనుకునేవారు ముందుగా చూడాల్సింది షోరూము వైపు కాదు, తమ ఇంటి మేడ మెట్ల వైపు.